పొరుగూరి లెక్కల పుస్తకం

వరంగల్ దగ్గర గీసుగొండ మండలంలోని గంగదేవిపల్లిని చూడటానికి ఏళ్ల తరబడి బస్సులు వస్తూనే ఉన్నాయి. సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, మహిళా సంఘాల వాళ్లు దిగి ఊరంతా తిరుగుతారు. 1980లలోనే మద్యాన్ని వెళ్లగొట్టిన ఊరది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం అందుకుంది. 2015 ఆగస్టు 17న తెలంగాణ ప్రభుత్వం గ్రామజ్యోతి కార్యక్రమాన్ని అక్కడి నుంచే మొదలుపెట్టింది. వచ్చినవాళ్ల కళ్లు ముందు శుభ్రమైన వీధుల మీద, మంచినీళ్ల ప్లాంటు మీద పడతాయి. రెండూ ఫొటోలకు బాగుంటాయి.

ఫొటోలో పడనివి అక్కడి కమిటీలు.

నీళ్లకు, పారిశుద్ధ్యానికి, వీధి దీపాలకు, ఇలా పనికో కమిటీ వేసుకుని భారం పంచుకోవడమే ఆ ఊరి అసలు బలం. 2018 పంచాయతీరాజ్ చట్టం తెలంగాణలో ప్రతి గ్రామ పంచాయతీకీ స్థాయీ సంఘాలను తప్పనిసరి చేసింది. చట్టంతో సంఘాలు ఏర్పడతాయి. పని వదిలి వచ్చి కూర్చుని, పొరుగువాడి మొహం మీదే పన్ను బకాయి అడిగే అలవాటు మాత్రం, అది ఉన్నవాళ్ల పక్కన కొన్నాళ్లు మెలిగితేనే అబ్బుతుంది.

అందుకే ఇలాంటి పర్యటనల్లో అడగాల్సిన ప్రశ్నలు వేరు. ప్లాంటు మోటారు కాలిపోతే ఆ రాత్రి ఎవరికి ఫోన్ వెళ్తుంది? రిపేరు ఖర్చు ఏ పద్దు కింద రాస్తారు? డబ్బు కట్టని ఇంటికి ఎవరు వెళ్తారు, ఎన్నిసార్లు వెళ్తారు? ఏ కమిటీ చతికిలపడింది, మళ్లీ ఎలా లేచింది? వీటికి జవాబులు తీర్మానాల పుస్తకంలో, రసీదుల కట్టలో దొరుకుతాయి. ఆతిథ్యమిచ్చే ఊరు శాలువాలు పక్కన పెట్టి ఆ పుస్తకాలు తెరిచి చూపించాలి.

పద్ధతి ఊరి నుంచి ఊరికి పాకుతుందనడానికి ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ మంచి ఉదాహరణ. తమిళనాడులోని వేలూరుకు చెందిన సి. శ్రీనివాసన్ చెత్తను ఎక్కడికక్కడ వేరుచేసే పద్ధతిని నేర్పితే, అంబికాపూర్ స్వయం సహాయక సంఘాల మహిళలు అందిపుచ్చుకున్నారు. ఇంటింటికీ వెళ్లి తడి, పొడి విడివిడిగా తీసుకుంటారు. చెత్త వేరుచేసే కేంద్రానికి తెచ్చి బల్లల మీద పోసి సీసాలు, అట్టలు, ప్లాస్టిక్ చేత్తోనే ఏరతారు. ఏరినవి అమ్మగా వచ్చిన సొమ్ము, ఇళ్ల నుంచి వచ్చే రుసుము ఆదాయం. పాత డంపింగ్ యార్డు పార్కయింది. 2019 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఆ పట్టణం దేశంలో రెండో స్థానంలో నిలిచింది. మిషన్ క్లీన్ సిటీ పేరుతో రాష్ట్రంలోని మిగతా పట్టణాలూ అదే దారి పట్టాయి. అక్కడ చేతులు మారింది యంత్రం కాదు, పనిచేసే తీరు.

2018లో మొదలైన కేంద్ర పథకం రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ ఇలా పొరుగూళ్లను చూసొచ్చే పర్యటనలకు నిధులిస్తోంది. ఆ డబ్బు ఒక్కరోజు బస్సు కిరాయితో అయిపోకూడదు. సర్పంచ్‌తో పాటు నీళ్లు వదిలే మనిషి, చెత్త ట్రాక్టర్ డ్రైవర్, ఓ వార్డు సభ్యురాలు వెళ్లి వారం ఉండాలి. తిరిగొచ్చాక గ్రామసభలో చూసింది చెప్పి, ఒక్క పనికి తీర్మానం చేయాలి. ఆరు నెలలకు, చూసొచ్చిన ఊరి కమిటీ మనిషిని భత్యమిచ్చి ఇక్కడికి పిలిపించి, జరిగిన పనిని ఆయన చేతే తనిఖీ చేయించాలి.