కలుపు తీసిన మడి

బౌద్ధనగర్ నుంచి ఉస్మానియా క్యాంపస్ మీదుగా తార్నాక చేరి ఉప్పల్ దారి పడితే, హబ్సిగూడలో సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) వస్తుంది. 1977లో మొదలైన సంస్థ. ఈ చుట్టుపక్కల టీ బండి దగ్గర నిలబడినా "మీ సెల్స్ బతికాయా?" అన్న పరామర్శ వినబడుతుంది. కణితి ముక్క నుంచి సెల్ లైన్ తీసేవాళ్లకు అంతకన్నా పెద్ద కుశలప్రశ్న లేదు.

రోగి సమ్మతితో వచ్చిన ముక్కను సన్నగా తరుగుతాం. కొలాజినేజ్ ఎంజైముతో కణాలను విడదీసి, సీరం కలిపిన మీడియాలో 37 డిగ్రీల ఇంక్యుబేటర్లో పెడతాం. చాలా ముక్కలు నిలవవు. నిలిచినవాటిలోనూ ముందుగా పరుచుకునేవి ఫైబ్రోబ్లాస్టులు. కణితిలోనే ఉన్నా క్యాన్సర్ కణాలు కావవి. వరి మడిలో కలుపులా అల్లుకుపోతాయి. ట్రిప్సిన్ కాసేపే పోస్తే అవే ముందు ఊడొస్తాయి, పారబోసేవాళ్లం. మిగిలిన క్యాన్సర్ కణాలు ఆగకుండా పెరుగుతూ పోతే సెల్ లైన్ అయినట్టు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ కణితి నుంచి వచ్చిన హీలా కణాలు అలా నేటికీ పెరుగుతూనే ఉన్నాయి. ఆమె సమ్మతి మాత్రం ఎవరూ అడగలేదు.

"మేడం, ఫైబ్రోబ్లాస్టులు పోయాయి!" అని విద్యార్థి సంబరంగా చెబుతుంది. మా ప్రశ్నేమో కణానికీ దాని చుట్టూ ఉన్న మాట్రిక్స్‌కూ మధ్య ఏం నడుస్తోందని. ఆ మాట్రిక్స్‌లోని కొలాజెన్‌ను, ఫైబ్రోనెక్టిన్‌ను ఎక్కువగా తయారుచేసేది ఫైబ్రోబ్లాస్టులే. అంటే కలుపుతో పాటు మడి మట్టినీ ఎత్తి పోశామన్నమాట. ఆ తర్వాత ఫ్రీజర్లోంచి మాట్రిజెల్ తీస్తాం. మంచు మీద ద్రవం, 37 డిగ్రీల దగ్గర జెల్. ఎలుక కణితి నుంచి తీసిన సరుకది. మనిషి కణం ఎలుక మాట్రిక్స్‌ను పట్టుకుని ఏం చేస్తుందో చూసి, మనిషి గురించి రాస్తాం.

ఆ జెల్‌ను తక్కువ చెయ్యను. 1997లో శాస్త్రవేత్త మినా బిస్సెల్ బృందం అలాంటి జెల్‌లోనే, కణితి లక్షణాలున్న రొమ్ము కణాల మీద బీటా-1 ఇంటెగ్రిన్‌ను యాంటీబాడీతో అడ్డుకుంది. మాట్రిక్స్‌ను కణం పట్టుకునే చెయ్యి అది. ఇష్టారాజ్యంగా పెరుగుతున్న కణాలు, జన్యువుల్లోని లోపాలు అలాగే ఉండగా, కుదురుగా గుండ్రటి గుంపులు కట్టాయి. చుట్టుపక్కల మాట కణం అంతగా వింటుంది.

అందుకే మా గదిలో ఫైబ్రోబ్లాస్టులను పారబోయడం మానేశాం. వేరే ఫ్లాస్కులో పెంచి, ఆ రోగి క్యాన్సర్ కణాల పక్కనే ద్రవ నత్రజనిలో దాస్తున్నాం. పని రెట్టింపవుతుంది, పీహెచ్‌డీలు ఆలస్యమవుతాయని పిల్లలు గొణుగుతారు. గొణగనీ. ఒకే రకం కణాలున్న ఫ్లాస్కు ఫొటోకు బాగుంటుంది. కణితి కథ మాత్రం సగమే చెబుతుంది.