తెల్ల కోను స్పీకరు: పేరు గొప్పా, పని గొప్పా?

ఇంట్లో పాట రికార్డు చేసుకోవడం ఇప్పుడు లక్షలతో పని కాదు. కంప్యూటరు, మైకు, ఆ రెంటినీ కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టె ఉంటే చాలు. చిక్కంతా రికార్డు చేసినదాన్ని ఉన్నదున్నట్టుగా వినడంలోనే ఉంది. ఇంట్లో మూలనపడిన పాత స్టీరియో స్పీకర్లు ఇందుకు పనికివస్తాయా? లేక 'స్టూడియో మానిటర్' అని రాసి ఉన్నవే కొనాలా?

ఈ ప్రశ్న వేసుకున్నవారికి త్వరలోనే ఒక పేరు ఎదురవుతుంది: యమహా ఎన్.ఎస్.-10ఎం. దీని తెల్ల కోనును చూపి, పాసివ్ స్పీకర్లకు మించినవి లేవనేవారు ఉన్నారు. ఆ కీర్తి ఎంతవరకు న్యాయమైనదో పరిశీలిస్తే మన ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

ఇంటి నుంచి స్టూడియోకు

జపానుకు చెందిన యమహా సంస్థ 1978లో దీన్ని విడుదల చేసింది. రూపకర్త అకిరా నకమురా. 18 సెంటీమీటర్ల తెల్ల కాగితపు కోను గల వూఫరు, 3.5 సెంటీమీటర్ల ట్వీటరు, ఎక్కడా రంధ్రం లేకుండా మూసిన పెట్టె - ఇదీ దీని నిర్మాణం. లోపల యాంప్లిఫయర్ ఉండదు. అందుకే దీన్ని 'పాసివ్' స్పీకరు అంటారు.

ఇది మొదట స్టూడియో పరికరం కాదు. ఇళ్లలో పాటలు వినేవారి కోసం చేసినది. అక్కడ దీనికి పెద్దగా ఆదరణ దక్కలేదు. బాబ్ క్లియర్‌మౌంటెన్ వంటి అమెరికన్ ఇంజనీర్లు మిక్సింగుకు వాడటంతో 1980లలో స్టూడియోల్లోకి పాకింది. 1987లో స్టూడియోల కోసమే మార్చిన రూపం వచ్చింది. కోనుకు కావలసిన గుజ్జు దొరకడం లేదంటూ 2001లో సంస్థ తయారీ ఆపేసింది. 2008లో దీనికి టెక్నికల్ గ్రామీ పురస్కారం కూడా లభించింది.

పొగడ్తలో నిజమెంత?

'దీనిలో బాగా వినిపిస్తే ఎక్కడైనా బాగా వినిపిస్తుంది' అనే మాట ప్రచారంలో ఉంది. అంటే ఇది చెడ్డ స్పీకరు కనుకనే మంచిదన్నమాట! ఈ తర్కం నిలవదు. చెడ్డతనమే గుణమైతే సంతలో దొరికే ఏ చవక పెట్టెయినా ఆ పని చేసి ఉండేది.

అసలు కారణం కొలతల్లో ఉంది. ఇంగ్లండులోని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ న్యూవెల్, కీత్ హాలండ్ తదితరులు ఎన్నో స్పీకర్లతో పాటు దీన్నీ పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించారు. దీనిలో బాస్ ధ్వని, సంకేతం ఆగిన వెంటనే తానూ త్వరగా ఆగిపోతుంది. వక్రీకరణ కూడా తక్కువ. రంధ్రం ఉన్న పెట్టెల్లో లోపలి గాలి అనునాదం చెంది, దెబ్బ ఆగాక కూడా కొంతసేపు మోగుతూ ఉంటుంది. మూసిన పెట్టెలో ఆ బెడద లేదు. మృదంగం దెబ్బ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్పష్టంగా తెలుస్తుంది.

లోపాలూ అంతే నిజం. 1000 - 2000 హెర్ట్జ్ ప్రాంతం ఉండవలసినదానికన్నా గట్టిగా వినిపిస్తుంది. దీని పరిధి సుమారు 60 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మన కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. రికార్డింగులో ఆ స్థాయి హమ్మింగు దూరినా, మైకుకు ఊపిరి తగిలి 'బుస్సు'మన్నా ఈ స్పీకరు సరిగా పట్టివ్వదు. హెడ్‌ఫోన్‌తో మరోసారి సరిచూసుకోవలసిందే. ట్వీటరు పదును తగ్గించడానికి పలుచని టిష్యూ కాగితం అంటించే ఆచారం కూడా శాస్త్రీయం కాదు. కాగితం నుంచి వెనక్కు మళ్లిన తరంగాలు అసలు ధ్వనితో కలిసి కొన్ని పౌనఃపున్యాలను పెంచుతాయి, కొన్నింటిని తుంచుతాయి.

తీగ కలిపే ముందు

దీనికిగాని, మీ ఇంట్లోని పాత స్పీకర్లకుగాని వర్తించే భౌతికశాస్త్రం ఒకటే. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్‌ను నేరుగా స్పీకరుకు కలిపితే ఏమవుతుంది? అవుట్‌పుట్ 1.23 వోల్టులు, దాని అంతర్నిరోధం 100 ఓములు అనుకుందాం. స్పీకరు 8 ఓములు. ఓమ్ నియమం ప్రకారం ప్రవాహం 1.23 / 108, అంటే దాదాపు 11 మిల్లీ ఆంపియర్లు. స్పీకరుకు చేరే సామర్థ్యం సుమారు 1 మిల్లీవాటు మాత్రమే! కనుక మధ్యలో యాంప్లిఫయర్ తప్పనిసరి.

యాంప్లిఫయర్ మరో పని కూడా చేస్తుంది. అయస్కాంత క్షేత్రంలో కదిలే తీగచుట్ట జనరేటరులా విద్యుత్తును పుట్టిస్తుంది. యాంప్లిఫయర్ నిరోధం చాలా తక్కువ కనుక ఆ విద్యుత్తు సులభంగా ప్రవహించి, లెంజ్ నియమం ప్రకారం కోను కదలికకు బ్రేకు వేస్తుంది. తీగ సన్నగా ఉంటే ఈ బ్రేకు సడలుతుంది. 5 మీటర్ల దూరానికి రానూపోనూ 10 మీటర్ల రాగి తీగ కావాలి. 1.5 చదరపు మి.మీ. మందమైతే నిరోధం 0.12 ఓము లోపే. 0.2 చదరపు మి.మీ. అయితే దాదాపు 0.86 ఓము. అంటే త్వరగా ఆగడమనే సుగుణాన్ని డబ్బు పోసి కొని, చవక తీగతో పోగొట్టుకున్నట్టే.

యాంప్లిఫయర్ మీద రాసిన కనీస ఓముల కన్నా తక్కువ ఇంపీడెన్స్ గల స్పీకరు కలపరాదు. రెండు 8 ఓముల స్పీకర్లను సమాంతరంగా కలిపితే 4 ఓములవుతుంది, ప్రవాహం రెట్టింపవుతుంది. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే చేరాలి. ఒక పక్క తారుమారైతే ఒక కోను ముందుకు వచ్చినప్పుడు రెండోది వెనక్కు పోయి బాస్ చాలావరకు రద్దవుతుంది. ఆన్ చేసేటప్పుడు యాంప్లిఫయర్ చివర, ఆపేటప్పుడు మొదట. లేకుంటే 'ఠప్' మనే కుదుపు స్పీకరుకు తగులుతుంది.

అంకెల మాయ

ఎన్ని వాట్లు కావాలి? మన బజారులో టేప్ రికార్డర్ల కాలం నుంచీ 'పి.ఎం.పి.ఓ.' పేరిట వందల, వేల వాట్ల అంకెలు రాసి అమ్మారు. ఆ అంకెకు అందరూ ఒప్పుకున్న ప్రమాణమే లేదు. ఎన్.ఎస్.-10ఎం 1 వాటుకే 1 మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ధ్వని ఇస్తుంది. సామర్థ్యం రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వినరాదని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. కాబట్టి చిన్న గదిలో సగటున ఒక వాటు కూడా ఖర్చు కాదు. తబలా దెబ్బల వంటి క్షణిక శిఖరాల కోసం 30 - 50 నిజమైన వాట్లు ఉంటే సరిపోతుంది. మించి పెంచితే నష్టపోయేది చెవులే.

మరి తీర్పు?

ఎన్.ఎస్.-10ఎం పేరు పూర్తిగా గాలివాటు కాదు. ఒక నిజమైన సుగుణం దానికి ఉంది. కానీ చాలామంది ఆ సుగుణాన్ని వదిలి తెల్ల రంగును ఆరాధించారు. తయారీ ఆగిపోయిన స్పీకరును మక్కువతో ఎక్కువ ధరకు కొనడం విద్యార్థికి తగదు. లోపలే యాంప్లిఫయర్ ఉన్న యాక్టివ్ స్పీకర్లు సులువైనవే, అయితే అవి గది లోపాన్ని దాచలేవు. 3 మీటర్ల గదిలో సుమారు 57 హెర్ట్జ్ దగ్గర నిలకడ తరంగాలు ఏర్పడి, ఏ స్పీకరు పెట్టినా బాస్ ఒకచోట ఉబ్బి మరోచోట మాయమవుతుంది.

కోను చిరగని పాత స్పీకర్లు ఇంట్లో ఉంటే, సరిపడే యాంప్లిఫయర్, మందమైన తీగ సమకూర్చుకోండి. టోన్ నాబ్‌లు మధ్యలో పెట్టండి. మీకు బాగా తెలిసిన పది పాటలు వాటిలో వినండి. ఆ స్పీకరు దేన్ని పెంచి చెబుతుందో, దేన్ని దాస్తుందో గుర్తుపట్టండి. 'మానిటర్' అనేది పెట్టె మీద అతికించిన చీటీ మాత్రమే. లోపం ఎంతో తెలిసిన పాత కొలబద్దతో సరిగా కొలవవచ్చు. లోపం తెలియకపోతే కొత్తదానితోనూ తప్పే కొలుస్తాం.