తెరపై తెగిపడే వత్తు: తెలుగు వెబ్ పుటల రూపకల్పన - ఒక విమర్శ

తెలుగు వెబ్ పుటల రూపకల్పనను గూర్చిన చర్చ చాలాకాలం ఫాంట్ల చుట్టూనే తిరిగింది. 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దక్కినా, తెరపై వత్తులు సరిగా కూడి కనిపించడానికి ఏళ్లు పట్టింది. ఆ చిక్కు నేడు చాలావరకు తీరింది. అయితే అక్షరం సరిగా ఏర్పడటం వేరు, దానికి పుటలో తగిన చోటు దక్కడం వేరు.

రోమన్ లిపిలో గీత కిందికి దిగే తోకలు కొన్ని అక్షరాలకే పరిమితం. తెలుగు అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. ‘స్త్రీ’లో పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. వార్తాశీర్షికను నిర్ణీత ఎత్తుగల పెట్టెలో ఉంచి, మిగిలినదాన్ని దాచే పద్ధతి నేడు సర్వసాధారణం. ఆ ఎత్తును ఆంగ్ల పాఠంతో నిర్ణయించి తరువాత తెలుగును పోస్తే, చివరి వరుసలోని వత్తులు తెగుతాయి. ‘గుడ్డి’లోని వత్తు పూర్తిగా మరుగైతే మిగిలేది ‘గుడి’. వాక్యం మధ్యలో ఆగితే మూడు చుక్కలు ఆ సంగతి చెబుతాయి. వత్తు పోయినచోట ఏ గుర్తూ ఉండదు, పైగా మిగిలిన మాట కూడా అర్థవంతమే. కనుక ఇది అందచందాలకు సంబంధించిన లోపం కాదు, సమాచార దోషం.

చదువరి వరుసల ఎత్తును అక్షర పరిమాణానికి 1.5 రెట్లు చేసుకున్నా పాఠం నష్టపోరాదని 2018 నాటి వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు (కూర్పు 2.1) నిర్దేశించాయి. నిర్ణీత ఎత్తు పెట్టె ఈ పరీక్షలోనే తడబడుతుంది. తెలుగుకు ఆ 1.5 చాలునా అన్నది మళ్లీ ఫాంటును బట్టి మారుతుంది.

ప్రాధాన్యక్రమాన్ని చూపడంలోనూ ఇదే అరువు కొలత. ఆంగ్ల టెంప్లేట్లు చిన్న శీర్షికలను, బటన్ల పేర్లను పెద్దబడి అక్షరాలతో వేరుచేస్తాయి. తెలుగులో ఆ భేదమే లేదు. పరిమాణం, మందం, రంగు, ఖాళీ - వీటితో ఆ లోటును పూరించనిచోట శీర్షిక, పాఠం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’తో కూడిన ఒక సంకేతక్రమం ఐఫోన్లలో యాప్‌లను స్తంభింపజేసినప్పుడు ప్రపంచమంతా గమనించింది, కొద్దిరోజుల్లోనే సవరణ వెలువడింది. తెగిన వత్తు ఏ యంత్రాన్నీ ఆపదు, అందుకే అది దోషాల పట్టికకు ఎక్కదు. నమూనా దశలో అర్థంలేని లాటిన్ పాఠానికి బదులు ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘గుడ్డి’ వంటి మాటలను పోసి చూస్తే, పెట్టె ఎత్తు చాలదన్న సంగతి పుట ప్రజల ముందుకు రాకముందే బయటపడుతుంది.