నైలాన్ సంచికి నాలుగో రోజు

బట్టల దుకాణం పేరో, పెళ్లికొడుకు పెళ్లికూతుళ్ల పేర్లో అచ్చు వేయించిన నైలాన్ సంచి మీద అక్షరాలు నెల తిరక్కుండానే పెచ్చులూడితే ఇంకును తిడతాం, లేదంటే అచ్చు వేసినవాళ్లను. తప్పు ఎక్కువసార్లు గడువుది అంటాను నేను. లగ్గాల సీజన్లో రేపు పొద్దుటికల్లా కావాలన్న ఆర్డరుకు వేడి పెట్టి ఆరబెట్టడం ఒక్కటే దారిగా కనిపిస్తుంది. నైలాన్ ఓర్వలేనిది సరిగ్గా ఆ వేడినే.

టీషర్టుల మీద వాడే ప్లాస్టిసాల్ ఇంకు గాలికి ఆరేది కాదు. మామూలు రకమైతే పొర మొత్తం సుమారు 160 డిగ్రీలకు చేరితేనే గట్టిపడుతుంది. నూలు బట్ట ఆ సెగకు తట్టుకుంటుంది. కానీ వాడుకలో మనం నైలాన్ అనేసే సంచుల్లో పాలీప్రొపిలీన్ నాన్‌వోవెన్ కూడా ఉంటుంది. అది కరిగేది దాదాపు ఆ వేడి దగ్గరే. అసలు నైలాన్ 220 డిగ్రీల దాకా కరగకపోవచ్చు, అయితే నీళ్లు దిగకుండా వేసిన పూత అంతకు చాలా ముందే మెత్తబడుతుంది, బట్ట ముడుచుకుంటుంది. మొదటి రంగు ఆరబెట్టేలోగా సంచి వెంట్రుకవాసి కుంచించుకున్నా చాలు, రెండో రంగు గీత దాటి పడుతుంది. అందుకే ఆర్డరు రాసుకునే బల్ల మీద ఒక గ్లాసెడు నీళ్లు ఉండాలి. చిన్న ముక్క కత్తిరించి, గాలి బుడగలు పోయేలా బాగా పిండి నీళ్లలో వేస్తే పాలీప్రొపిలీన్ తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. ఇంకు ఎంచుకోవాల్సింది ఆ తర్వాతే.

నైలాన్‌కు తగ్గ ఇంకులో హార్డనర్ కలుపుతారు. సెగ చేయాల్సిన పనిని అక్కడ రసాయనం చేస్తుంది, కానీ దానికి టైం పడుతుంది. గంటల్లో చేతికి అంటకుండా ఆరుతుంది, అసలు పట్టు మాత్రం రెండు మూడు రోజులకు గానీ రాదు. ఈలోగా సంచులను కట్టలు కడితే అచ్చు పక్క సంచికి అంటుకుంటుంది. మే నెలలో కరీంనగర్ ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది కదా, అది చాలదా అంటారు. ఎండ ఇంకులోని ద్రావకాన్ని ఎగరగొడుతుంది, అంతే. ప్లాస్టిసాల్‌ను పండించేంత వేడి అందులో లేదు. పైగా ఆ ఎండల్లో హార్డనర్ కలిపిన ఇంకు డబ్బాలోనే తొందరగా చిక్కబడుతుంది, అచ్చు వేసే ఫ్రేము మెష్ రంధ్రాల్లో గడ్డకడుతుంది. కొంచెం కొంచెంగా కలుపుకోక తప్పదు. చలికాలం ఆదిలాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి పడిపోయినప్పుడు సంగతి తిరగబడుతుంది. అదే ఇంకు మరో రోజు అడుగుతుంది. మే నెల లెక్క జనవరిలో పనికిరాదు.

ఖర్చు సంగతి ఎత్తేవారి మాటలో న్యాయముంది. కలిపి మిగిలిన ఇంకు మర్నాటికి పనికిరాదు, పారేయాల్సిందే. చాలా హార్డనర్లలో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు చెరుపు. కిటికీ లేని చిన్న గదిలో, చేతులకు తొడుగులు లేకుండా ఈ పని చేయించడం నేను ఒప్పుకోను. గాలి ఆడే చోటు లేని దుకాణం ఈ ఆర్డరు వదులుకోవడమే మంచిది. గడువు అడిగితే గిరాకీ పోతుందన్న భయమూ నిజమే. ఎన్నికలప్పుడు సిరిసిల్లలో తయారయ్యే జెండాకు, కండువాకు పోలింగ్ దాకా ఆయుష్షుంటే చాలు. అక్కడ తొందరకు అర్థముంది. సంచి సంగతి వేరు. 2021 సెప్టెంబరు 30 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే పలచని నాన్‌వోవెన్ సంచులు వద్దని కేంద్రం నిబంధన పెట్టింది పదేపదే వాడుకోవాలనే కదా. బట్ట అన్నాళ్లు ఉండాలన్నప్పుడు దాని మీద పేరు నెలలోనే రాలిపోవడం ఏం సబబు?

బిల్లు మీద డెలివరీ అచ్చు వేసిన నాలుగో రోజు అని ముందే రాయాలి. మొదటి సంచిని అచ్చు వేసి మూడు రోజులు పక్కన పెట్టి, గోరుతో గీకి, టేపు అంటించి గట్టిగా లాగి చూపించాలి. టేపుకు రంగు అంటితే మిగతా సంచులు ఫ్రేము కిందికి వెళ్లకూడదు.