ఒక వచనం, నాలుగు సవరణలు

ఇంగ్లీషు బైబిలు చరిత్ర చెప్పేవాళ్లు రాజులతో, బిషప్పులతో, మంటల్లో కాలిపోయినవాళ్లతో మొదలుపెడతారు. పనితనం చూడాలనుకునేవాళ్లకు అంత అక్కర్లేదు, ఒక్క వచనం పట్టుకుంటే చాలు. హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం 8వ వచనం తీసుకుందాం. గ్రీకులో చాలా చిన్నది. యేసుక్రీస్తు పేరు, నిన్న, నేడు, ఎప్పటికీ అనే మూడు కాలాలు, మన తెలుగు బైబిలు ‘ఒక్కటే రీతిగా’ అని చెప్పిన మాట ఒకటి. క్రియ కూడా లేదు. ఆ మాట గ్రీకులో ‘నేడు’ తర్వాత, ‘ఎప్పటికీ’కి ముందు వస్తుంది. ఇంగ్లీషులో దానికి ‘ది సేమ్’ అన్నారు. దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నదే తరతరాల సవరణకర్తలు తేల్చుకోవలసి వచ్చిన సంగతి.

1526లో జర్మనీలోని వర్మ్స్‌లో కొత్త నిబంధన అచ్చువేయించిన విలియం టిండేల్ దాన్ని రెండో సగంలో పెట్టాడు. నిన్న, నేడు అయ్యాక ‘ది సేమ్’ అని, దాని వెనక కొనసాగుతాడన్న అర్థంలో ఒక క్రియ చేర్చాడు. 1568 నాటి బిషప్పుల బైబిలు ఆ క్రియను తీసేసింది కానీ మాటను కదపలేదు. దాంతో ఒక చిక్కు మిగిలింది. ఆ వరసలో చదివితే ‘ది సేమ్’ భవిష్యత్తుకే అతుక్కుంటుంది. నిన్న, నేడు విడిగా నిలబడిపోతాయి.

1604లో మొదటి జేమ్స్ రాజు కొత్త బైబిలుకు ఒప్పుకున్నప్పుడు పండితులకు ఇచ్చిన నియమాల్లో మొదటిది, బిషప్పుల బైబిలునే ఆధారం చేసుకోవాలి, మూలం ఒప్పుకున్నంతవరకు దాన్ని వీలైనంత తక్కువగా మార్చాలి అని. అంటే అప్పగించిన పని అనువాదం కన్నా సవరణే. వెస్ట్‌మిన్‌స్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఒక్కోచోట రెండేసి బృందాలు కూర్చున్నాయి. టిండేల్‌ను 1536లో బ్రస్సెల్స్ దగ్గర విల్‌వోర్డ్‌లో గొంతు నులిమి చంపి, దేహాన్ని తగలబెట్టారు. అయినా 1611లో అచ్చయిన ఈ కొత్త బైబిలులోని కొత్త నిబంధనలో సుమారు 84 శాతం మాటలు ఆయనవేనని తర్వాతి పరిశోధకులు లెక్కతేల్చారు. బాగున్నదాన్ని ముట్టుకోకుండా వదిలేయడానికి కూడా చెవి కావాలి. ఈ పండితులకు అది ఉంది.

బృందాలు పని ముగించాక కొందరు లండన్‌లో స్టేషనర్స్ హాల్‌లో కూర్చుని మొత్తం మరోసారి చూశారు. వాళ్లలో జాన్ బాయిస్ అనే కేంబ్రిడ్జి పండితుడు చర్చలను లాటిన్‌లో టూకీగా రాసుకున్నాడు. ఆ నోట్సు నకలు ఆక్స్‌ఫర్డ్‌లోని కార్పస్ క్రిస్టీ కాలేజీలో పడివుంటే, వార్డ్ ఆలెన్ అనే పరిశోధకుడు దాన్ని 1969లో పుస్తకంగా వేశాడు. మన వచనం అందులో ఉంది. బాయిస్‌కు గురువు, కేంబ్రిడ్జిలో గ్రీకు ఆచార్యుడు అయిన ఆండ్రూ డౌన్స్ ఒక సూచన చేశాడు. ‘ది సేమ్’ను ‘నేడు’ తర్వాత, సరిగ్గా గ్రీకు వరసలో పెడితే వాక్యానికి మరింత గాంభీర్యం వస్తుందన్నాడు. అన్నవాడు ఆ గదిలో గ్రీకు బాగా తెలిసినవాళ్లలో ఒకడు. అడిగింది మూలానికి దగ్గరగా ఉండమనే. అచ్చయిన పుస్తకంలో మాత్రం అది లేదు.

1611లో ‘ది సేమ్’ వచనం ముందుకు, ‘నిన్న’ కన్నా ముందుకు వచ్చేసింది. ఇది టిండేల్ వరసా కాదు, గ్రీకు వరసా కాదు. కానీ ఆ మాట ముందు పడగానే మూడు కాలాలూ దానికే వేలాడతాయి, ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. చదివేవాడి ఊపిరి నిన్న దగ్గర కొంచెం, నేడు దగ్గర కొంచెం ఆగి, చివర ‘ఫర్ ఎవర్’ మీద దిగుతుంది. ఇది కంటితో చేసిన సవరణ కాదని నా నమ్మకం. ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు చేతుల్లో రకరకాల భాషల బైబిళ్లు పట్టుకుని వినేవారని, తప్పు కనబడితేనే నోరు విప్పేవారని ఆ కాలపు పండితుడు జాన్ సెల్డెన్ చెప్పిన మాట ఒకటి మిగిలింది. చర్చిలో పైకి చదవడానికే తయారైన పుస్తకం మరి.

1870లో మళ్లీ సవరణ మొదలైంది. ఈసారి సవరణకర్తలు తమ చేతులకు తామే కట్టు వేసుకున్నారు. మొదటిసారి చూసినప్పుడు మామూలు మెజారిటీ చాలు, రెండోసారి మాత్రం మూడింట రెండు వంతుల ఓట్లు పడితేనే మార్పు నిలుస్తుంది. 1881లో వాళ్లు సవరించిన కొత్త నిబంధన వచ్చినప్పుడు షికాగో టైమ్స్ మత్తయి సువార్త నుంచి రోమీయుల పత్రిక దాకా టెలిగ్రాఫ్‌లో తెప్పించుకుని, మొత్తం పుస్తకాన్ని ఒక్క సంచికలో అచ్చేసింది. వ్యాకరణం, వచనం చూసే పండితుల పుస్తకం కోసం పత్రికవాళ్లు అంత ఖర్చు పెట్టిన రోజులవి!

ఆ సవరణకర్తల పట్టుదల వేరు. ఒకే గ్రీకు మాటకు వీలైనంతవరకు ఒకే ఇంగ్లీషు మాట ఉండాలన్నారు. రోమీయుల పత్రిక 5వ అధ్యాయంలో ఒకే గ్రీకు క్రియను 1611వాళ్లు మూడు రకాలుగా చెప్తే, వీళ్లు మూడుచోట్లా ‘రిజాయిస్’ అనే ఉంచారు. నిజాయితీ ఉన్న పని. చాలాచోట్ల చెవికి మొద్దుగా ఉంటుందన్నదీ నిజమే. కానీ హెబ్రీయుల వచనంలో వాళ్లు చూపిన నేర్పును విమర్శకులు అంతగా పట్టించుకోలేదు. ‘ది సేమ్’ను 1611 చోటులోనే ఉంచారు. మూలంలో లేని ‘ఈజ్’ను చేర్చి, అది తమ చేర్పని ఇటాలిక్ అక్షరాల్లో ఒప్పుకున్నారు. ‘ఫర్ ఎవర్’కు ముందు అలాగే ఇటాలిక్‌లో ‘యే’ అనే పాత మాట పెట్టారు. మన తెలుగు బైబిలులో అక్కడే వచ్చే ‘అవును’ లాంటిదే. గ్రీకులో ‘నేడు’ తర్వాత పడే విరామం ఆ ఒక్క మాటతో తిరిగొచ్చింది. డౌన్స్ కోరుకున్నది రెండు వందల డెబ్బై ఏళ్ల తర్వాత ఇంకో దారిన నెరవేరిందనిపిస్తుంది, వాళ్లు అతణ్ని తలుచుకున్నా తలుచుకోకపోయినా.

1946లో అమెరికాలో వచ్చిన రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్ ఆ ‘యే’ను కొట్టేసింది. పాతబడిన మాట కాబట్టి తప్పలేదు. ఇటాలిక్‌లు మొత్తంగా ఎత్తేశారు కాబట్టి ‘ఈజ్’ మామూలు అక్షరాల్లో కలిసిపోయి, మూలంలోనూ ఉందేమో అన్నట్టు కనబడుతుంది. ‘ది సేమ్’ మాత్రం 1611లో పెట్టిన చోటే ఉంది. 2001 నాటి ఇంగ్లీష్ స్టాండర్డ్ వెర్షన్ కూడా దాన్ని కదపలేదు. ఆ ‘ఈజ్’ లేకుండా, క్రియే లేకుండా నిలబడిన 1611 వాక్యమే నాకు ఎక్కువ ఇష్టం.