ఏ 'వుయ్'లో ఉంది మా వాడ?

తెలుగు సర్వనామానికి మనిషికంటే ముందు కులం కనపడుద్ది. మా నాయన అరవయ్యేళ్ల మనిషి. కామందు ఇంట్లో బడికెళ్లే పిల్లోడిక్కూడా ఆయన 'వాడే'. ఆ పిల్లోడు మాత్రం మా నాయనకి 'చిన్నయ్యగారు'. ఇంగ్లీషులోకొస్తే ఇద్దరూ 'హీ'. అందుకే మనలో చాలామందికి ఆ భాషలో ఊపిరాడింది. అయితే ఆ సమానత్వం ఇంగ్లీషుకి పుట్టుకతో వచ్చింది కాదు. అక్కడా ఒకప్పుడు పెద్దలకి 'యూ', కిందివాళ్లకి 'దౌ'. 17వ శతాబ్దంలో క్వేకర్లు దొరల్ని కూడా 'దౌ' అనే పిలిచి తిట్లూ దెబ్బలూ తిన్నారు.

కానీ 'హీ' అని రాసేసరికి మా నాయన పడ్డ 'ఒరే' ఏమైంది? అవమానం పోలేదు, కనపడకుండా పోయిందంతే. కాబట్టి ఎవడు ఎవర్ని ఏమని పిలిచాడో విడిగా రాయాల్సిందే.

అసలు తగువు 'ఐ', 'వుయ్'ల దగ్గరుంది. మనకి 'మేము' వేరు, 'మనం' వేరు. 'మేము' అంటే వినేవాడు బయట, 'మనం' అంటే లోపల. 'వుయ్'కి ఆ గోడ లేదు. 'వుయ్ ఇండియన్స్' అని అగ్రకుల రచయిత రాస్తాడు. మంచినీళ్ల బావి దగ్గర లేని 'మనం' పుస్తకంలోకి ఎక్కణ్ణించి వచ్చింది? నేను చదివిన చోట ఒక మేష్టారు 'ఐ' కొట్టేసి 'దిస్ రైటర్' అని రాయమన్నారు, అప్పుడే శాస్త్రీయమట! నన్ను నేను పరాయివాణ్ణి చేసుకుంటేనే నా మాట సాక్ష్యమా?

దీనికి జవాబు అంబేద్కర్ దగ్గరుంది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' ఆయన 1935-36 ప్రాంతంలో ఇంగ్లీషులోనే రాశారు. 1990లో పుస్తకంగా వచ్చింది. చిన్నప్పుడు అన్నతో, అక్క పిల్లలతో చేసిన ప్రయాణంలో దప్పికతో అల్లాడింది 'మేము'. 1917లో బరోడా పార్సీ సత్రం నుంచి గెంటించుకున్నది ఒంటరి 'నేను'. 1934లో దౌలతాబాద్ కోట దగ్గర నీళ్లు ముట్టి తిట్లు తిన్నది మళ్లీ 'మేము'. ఆ తర్వాత డాక్టరు ముట్టుకోక బాలింత భార్యని పోగొట్టుకున్న టీచరు కథ ఉంది. ఆ బాధని ఆయన తన 'నేను'లోకి లాక్కోలేదు, ఆ టీచరు మాటల్లోనే చెప్పనిచ్చారు. సుజాత గిడ్ల 2017 నాటి ఇంగ్లీషు పుస్తకంలోనూ 'ఐ' అంటూ మొదలెట్టింది ఆమే అయినా కథ నడిపేది మేనమామ సత్యమూర్తీ, కన్నతల్లీ.

మన 'మేము'ని కూడా నిలదీయాలి. 1985 కారంచేడు తర్వాత 'దళితులం' అనే 'మేము' కట్టుకున్నాం. 1994లో దండోరా వచ్చి ఇందులో మాదిగ వాటా ఏదని అడిగింది. ఆడవాళ్లు మా గొంతేదని అడిగారు. ఆ ప్రశ్నలన్నిట్నీ 'వుయ్' అనే రెండక్షరాలు మింగేయగలవు.

అందుకని మిత్రులారా, ఒంటిమీద పడ్డ దెబ్బకి 'ఐ' రాద్దాం. వాడ మీద పడ్డదానికి 'వుయ్' రాద్దాం. రాసిన ప్రతిసారీ ఆ 'వుయ్' ఎవరో పక్కనే చెబుదాం: మాలలమా, మాదిగలమా, ఆడకూలీలమా? పక్కవాళ్ల గాయాన్ని వాళ్ల 'ఐ'కే వదిలేద్దాం. 'దిస్ రైటర్'ని మాత్రం వాడలోకి రానివ్వొద్దు.