నవమినాడు నల్లగీత, అష్టమినాడు తెల్లగీత

చంద్రుడి మీద మేఘ సముద్రం అని పేరున్న మైదానంలో సుమారు 110 కిలోమీటర్ల పొడవున నేల ఒక పక్కకి కుంగి ఉంటుంది. పటాల్లో దాని పేరు రూపెస్ రెక్టా. పరిశీలకుల నోట మాత్రం స్ట్రెయిట్ వాల్. ఎత్తు కొన్ని వందల మీటర్లే. శుద్ధ నవమి రాత్రి మామూలు మూడంగుళాల టెలిస్కోప్ పెట్టి చూడండి, కాటుకతో గీసినట్టు నల్లగీత కనిపిస్తుంది. పౌర్ణమికి చూడండి, అక్కడ గోడ ఉన్న ఆనవాలు దొరకడమే కష్టం. మళ్లీ బహుళ అష్టమినాడు తెల్లవారుజామున లేచి చూస్తే అదే చోట అదే గీత, ఈసారి తెల్లగా మెరుస్తూ! ఎండ తూర్పు నుంచి వస్తున్నప్పుడు గోడ నీడ పడమటి పల్లంలో పడుతుంది. ఎండ పడమటికి తిరిగాక గోడ ముఖమే వెలుగుతుంది. శ్రీరామనవమికి నల్లగీత, కృష్ణాష్టమికి తెల్లగీత. మధ్యలో మారిందల్లా ఎండ వాలు.

చంద్రుణ్ని చూసే విద్య అంతా ఈ వేళ ఎంచుకోవడంలోనే ఉంది. వెలుగూ చీకటీ కలిసే గీతను టెర్మినేటర్ అంటారు. దాని పక్కన సూర్యుడు ఒక డిగ్రీ ఎత్తులో ఉంటే నీడ 57 రెట్లు సాగుతుంది. వంద మీటర్ల మిట్టకు 5.7 కిలోమీటర్ల నీడ! నాలుగంగుళాల టెలిస్కోప్‌కు చంద్రుడి మీద రెండు కిలోమీటర్ల కంటే చిన్న వివరం విడిగా అందదు. అంటే ఆ మిట్ట మనకు కనపడే అవకాశమే లేదు, దాని నీడ మాత్రం శుభ్రంగా కనపడుతుంది. సూర్యుడు పది డిగ్రీలు ఎక్కేసరికి ఆ నీడ 570 మీటర్లకు ముడుచుకుపోతుంది, మిట్ట మాయం. చంద్రుడి మధ్యరేఖ దగ్గర ఒక్క డిగ్రీ ఎక్కడానికి సూర్యుడికి పట్టేది రెండు గంటలు. టెర్మినేటర్ గంటకు సుమారు 15 కిలోమీటర్లు జరుగుతుంది. అందుకే ఏ రాత్రి ఏది చూడాలో ముందే రాసి పెట్టుకోకుండా టెలిస్కోప్ బయటికి తీసేవాడికి చంద్రుడు ఏమీ చూపించడు.

పాశ్చాత్య పరిశీలకులు ఈ లెక్కకు కోలాంగిట్యూడ్ అనే కొలత వాడతారు. మనకు అంత కష్టం ఎందుకు? గోడకు తగిలించిన క్యాలెండర్‌లో తిథి ఉంది. సూర్యచంద్రుల మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగే కాలమే తిథి. శుద్ధ అష్టమి సగం గడిచేసరికి ఆ కోణం 90 డిగ్రీలు, సూర్యోదయపు గీత చంద్రుడి నడిమధ్యన సున్నా రేఖాంశం మీద ఉంటుంది. అక్కడి నుంచి తిథికి 12 డిగ్రీల చొప్పున పడమటికి జరుపుకుంటూ పోవడమే. కోపర్నికస్ బిలం 20 డిగ్రీల పడమర, కాబట్టి దశమి ఘడియలు మొదలయ్యాక అక్కడ తెల్లవారుతుంది. ఇంత పదునైన పనిముట్టు ఇంటింటా ఉన్న జాతి మనది!

రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. క్యాలెండర్‌లో వేసేది సూర్యోదయానికి ఉన్న తిథి. రాత్రికి ఏ తిథి నడుస్తోందో, ఎన్ని గంటలకు మారుతోందో చూసుకోవాలి. రెండోది, చంద్రుడు మన వైపు ముఖం పెట్టి ఉన్నా కాస్త అటూ ఇటూ తల తిప్పుతుంటాడు. దీన్ని లైబ్రేషన్ అంటారు. దాని వల్ల లెక్క ఏడెనిమిది డిగ్రీల దాకా తప్పవచ్చు. కాబట్టి తిథి చూసి రోజు ఎంచుకోండి, వర్చువల్ మూన్ అట్లాస్ అనే సాఫ్ట్‌వేర్ చూసి గంట ఎంచుకోండి. అది ఉచితమే.

ఈ విద్యలో మహానుభావులు ఎందరో. థామస్ హారియట్ 1609 జులైలోనే టెలిస్కోప్‌తో చంద్రుడి బొమ్మ గీశాడు, గెలీలియో కంటే నెలల ముందు. డాన్‌జిగ్ నగరంలో బీరు వ్యాపారి హెవీలియస్ రాగిరేకులు తానే చెక్కి 1647లో సెలెనోగ్రాఫియా అచ్చు వేశాడు. ఆయన పోయాక ఆ పటం రేకును కరిగించి టీ పళ్లెం చేశారని చెబుతారు, వింటేనే కడుపు తరుక్కుపోతుంది. కానీ నా ఓటు బెర్లిన్ వాళ్లకే. బ్యాంకరు విల్‌హెల్మ్ బేర్ ఇంటి వేధశాలలో యోహాన్ మేడ్లర్ కూర్చుని 1830ల్లో గీసిన మాపా సెలెనోగ్రాఫికా దశాబ్దాల పాటు ఈ విద్యకు ప్రమాణం. 830 పర్వతాల ఎత్తులు కొలిచారు. వాళ్ల టెలిస్కోప్ కటకం వ్యాసం ఎంతో తెలుసా? 95 మిల్లీమీటర్లు! ఈ రోజు ఏ కుర్రవాడైనా కొనుక్కోగలిగినంత. వాళ్లకంటే ముందు జర్మనీలోనే లిలియెన్‌థాల్‌లో ష్రోటర్ అంతకు ఎన్నో రెట్లు పెద్ద అద్దాలతో చూశాడు. ఓపికలో ఆయన ఎవరికీ తీసిపోడు, చేతిలో గీత మాత్రం లేదు. పెద్ద అద్దం ఓడింది, చిన్న కటకం గెలిచింది. ఏథెన్స్‌లో యూలియస్ ష్మిట్ అయితే 1878లో అచ్చైన తన పటంలో 32,856 బిలాలు గుర్తించాడు. ఒక్క మనిషి, ఒక్క చెయ్యి!

ఎండ వాలు ఎంతటివాణ్నయినా ఎలా బోల్తా కొట్టిస్తుందో చూడండి. అదే ష్మిట్ 1866లో లినే అనే బిలం మాయమైందని, దాని చోట తెల్లమచ్చ మిగిలిందని ప్రకటించాడు. యూరప్ అంతా గగ్గోలు. తీరా అది రెండు కిలోమీటర్లకు కాస్త పైబడిన చిన్న బిలం, చుట్టూ తెల్లని దుమ్ము. ఎండ వాలుగా పడితే గుంట, నెత్తిమీదికి వస్తే మచ్చ. 1953లో ఒక అమెరికన్ పత్రిక సైన్స్ ఎడిటర్ జాన్ ఓనీల్ మేర్ క్రిసియం అంచున వంతెన చూశానన్నాడు, చంద్రుడి పటాలు గీసిన పర్సీ విల్కిన్స్ అంతటివాడు అవునన్నాడు. అదీ వెలుగు చేసిన మాయే. ఒకే చోటును పలు తిథుల్లో చూసి పోల్చుకోవాలనే నియమం ఇలాంటి దెబ్బలు తిని ఏర్పడిందే.

మరి ఏ రాత్రి ఏమి చూడాలి? తదియనాడు మేర్ క్రిసియం, దాని కింద లాంగ్రెనస్, పెటేవియస్. షష్ఠికి థియోఫిలస్, సిరిలస్, కేథరీనా అనే మూడు బిలాల వరస. సప్తమి దాటి అష్టమిలోకి వెళ్లే వేళ వెర్నర్ బిలం పక్కన మూడు నాలుగు బిలాల అంచులు మాత్రమే ఎండకు తగిలి చీకట్లో పెద్ద ఎక్స్ అక్షరం వెలుగుతుంది. నాలుగు గంటలుంటుంది, అంతే. ఆ నాలుగు గంటలూ మన రాత్రిలో పడాలి, ప్రతి నెలా పడవు. నవమి చివర్లో క్లేవియస్, 225 కిలోమీటర్ల గుంట, దాని నేల మీద విల్లు వంపులో పెద్ద నుంచి చిన్నకు దిగే బిలాలు. ఏకాదశికి గసెండి. ద్వాదశికి అరిస్టార్కస్, పక్కనే మెలికలు తిరిగే ష్రోటర్ లోయ. పౌర్ణమి నీడలు లేని రాత్రి, టైకో బిలం చుట్టూ పరుచుకున్న తెల్లని కిరణాలకు తప్ప దేనికీ పనికిరాదు.

నవమినాడు ప్లేటో దగ్గర మాత్రం ఒక గంట ఆగాలి. ఉత్తరాన నూరు కిలోమీటర్ల బిలం. మొదట లోపలంతా నిండు నలుపు, పడమటి గట్టు ఒక్కటే వెలుగుతూ ఉంటుంది. తర్వాత తూర్పు గట్టులోని సందుల గుండా సన్నని ఎండ చీలిక నేలను తాకుతుంది. చూస్తుండగా ఆ చీలిక వెడల్పవుతుంది, నల్లని నేల మీద బూడిద రంగు పరుచుకుంటుంది. అప్పుడు బయటపడతాయి తూర్పు గట్టు శిఖరాల నీడలు, సూదిమొనల్లా పడమటి గట్టు దాకా సాగి. ఐపీస్ నుంచి కన్ను తీసి, కాసిని మంచినీళ్లు తాగి మళ్లీ చూడండి, ఒక మొన పొట్టిదై ఉంటుంది. మరో ప్రపంచంలో సూర్యుడు పైకి వస్తున్నాడన్న సంగతి కంటితో చూడటం అంటే ఇదీ!

దీన్ని కాగితం మీద పట్టినవాళ్లలో నాకు హెరాల్డ్ హిల్‌ను మించినవాడు కనపడడు. ఇంగ్లండ్ వాడు. 1991లో కేంబ్రిడ్జ్ ప్రెస్ అచ్చు వేసిన ఆయన బొమ్మల పుస్తకం తెరిస్తే ప్రతి నీడ అంచూ బతికే ఉంటుంది. దక్షిణ ధ్రువం దగ్గర, అంచున ఒకదాని మీద ఒకటి పడి కనిపించే కొండల్ని ఆయన విడదీసిన తీరు చూసి తీరాలి. పటాల్లో ప్రాగ్ నగరానికి చెందిన ఆంటోనిన్ రుకల్‌ది అగ్రస్థానం. చంద్రుడి ముఖాన్ని 76 ముక్కలుగా కోసి చేత్తో గీశాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్ల కోసం చార్లెస్ వుడ్ 2004లో ‘లూనార్ 100’ అని నూరు చోట్ల జాబితా ఇచ్చాడు, తేలిక నుంచి కష్టానికి.

గీయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. పటం చూసి బిలం రూపురేఖలు పగలే లేతగా వేసుకోవాలి. టెలిస్కోప్ దగ్గర ముందు నీడలు నింపాలి, అవి పారిపోతాయి కాబట్టి. తర్వాత గట్లు, ఆఖరున నేల రంగులు. వెలుగుకు సున్నా నుంచి పది దాకా ఎల్గర్ కొలమానం ఉంది: సున్నా నిండు నీడ, పది అరిస్టార్కస్ నడిమి శిఖరం. గంట దాటి గీస్తే మొదటి నీడకూ చివరి నీడకూ పొంతన కుదరదు. బొమ్మ కింద తేదీ, గంట, టెలిస్కోప్, ఎన్ని రెట్లు, గాలి నిలకడ రాయాలి. గాలి నిలకడకు అంటోనియాడి కొలమానం, ఒకటి అత్యుత్తమం, అయిదు అధ్వానం. టెలిస్కోప్‌ను ముందుగానే బయటపెట్టి చల్లబడనివ్వాలి. డాబా సిమెంటు పగలంతా తాగిన వేడిని పొద్దుపోయేదాకా కక్కుతుంది, వీలైతే పెరట్లో మట్టినేల మీద పెట్టుకోవడం మేలు.

హిల్ దేశంలో ఎండాకాలపు పున్నమి చంద్రుడు చెట్ల మీదికి రావడమే గగనం. హైదరాబాద్‌లో చంద్రుడు ఆకాశం నడుమకు వచ్చే వేళ ఏడాదిలో ఏ రోజైనా 44 డిగ్రీల ఎత్తుకు తగ్గడు. శ్రీరామనవమి సాయంత్రమైతే దాదాపు నడినెత్తిన ఉంటాడు. కృష్ణాష్టమికి మబ్బులు అడ్డం వస్తే కార్తీక బహుళ అష్టమి ఉంది, తెల్లవారుజామున చంద్రుడు బాగా పైన. ఇంతటి ఆకాశం పెట్టుకుని మనం చేస్తున్నదేమిటి?

పెట్టె మీద 675 రెట్లు అని అచ్చేసి 60 మిల్లీమీటర్ల బొమ్మ టెలిస్కోపులు పిల్లలకు అంటగడుతున్నారు. ఆ కటకానికి 120 రెట్లు దాటితే మిగిలేది మసక. దానికి తోడు తాకితే ఊగే స్టాండు. మొదటి రాత్రే విసుగెత్తి పిల్లవాడు దాన్ని అటక మీదికి విసిరేస్తాడు, ఒక పరిశీలకుడు అక్కడితో పోయినట్టే. ఆకాశ దర్శనం అని పిలిచి జనాన్ని పౌర్ణమికి రమ్మనే నిర్వాహకులను చూస్తే ఒళ్లు మండుతుంది. నీడలే లేని రాత్రి వాళ్లకు ఏం చూపిస్తారు? సూపర్‌మూన్ అని టీవీల్లో హోరెత్తడం ఇంకొకటి. ఇక ఫోన్లు! చంద్రుణ్ని గుర్తుపట్టగానే సాఫ్ట్‌వేర్ తనకు తెలిసిన వివరాలతో మెరుగులు దిద్దేసే ఫోన్లు వచ్చాయి. ఆ ఫోటో ఆ రాత్రి చంద్రుడిది ఎలా అవుతుంది? మేడ్లర్ 95 మిల్లీమీటర్లతో కొండలు కొలిచిన విద్య ఇలా నకిలీల పాలవుతుంటే చూస్తూ ఊరుకోలేం.

మనకు వారసత్వం లేదనడానికీ వీల్లేదు. 1840లో విశాఖలో గోడే వెంకట జగ్గారావు సొంతంగా వేధశాల కట్టుకున్నాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిన శుక్ర సంక్రమణం చూశాడు. హైదరాబాద్‌లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన టెలిస్కోపులే తర్వాత నిజామియా వేధశాల అయ్యాయి. శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 కూడా ఈ ఎండ లెక్కనే నమ్ముకుంది. దాని ల్యాండర్ విక్రమ్ దిగిన 2023 ఆగస్టు 23 సాయంత్రం నిజ శ్రావణ శుద్ధ సప్తమి. అక్కడ అప్పుడే పొద్దెక్కుతోంది, ముందు దాదాపు పద్నాలుగు రోజుల పగలు ఉంది. ఏ సప్తమి రాత్రయినా దక్షిణపు అంచున మాంజినస్ బిలాన్ని వెతికితే విక్రమ్ దిగిన ప్రాంతాన్ని చూసినట్టే.

తల్లిదండ్రులకూ సైన్స్ టీచర్లకూ ఒక మనవి. రెట్లు చూసి టెలిస్కోప్ కొనకండి, కటకం వ్యాసం, స్టాండు గట్టిదనం చూసి కొనండి. దానితోపాటు చంద్రుడి పటం ఒకటి, నల్ల పెన్సిల్ ఒకటి. వచ్చే శుద్ధ పంచమి రాత్రి ప్రశాంత సముద్రపు తూర్పు భాగంలో, మాస్కెలిన్ బిలానికి ఈశాన్యాన వెతకండి. లావాలో మునిగిపోగా తూర్పు గట్టు మాత్రం విల్లులా మిగిలిన 22 కిలోమీటర్ల బిలం ఉంటుంది. దాని పేరు ఆర్యభట. పిల్లల చేత దాన్ని గీయించి, కింద తేదీ, గంట, తిథి రాయించండి.